పరుగు ఒక జాతిది... బుద్ధి మరో జాతిది!

'గ్రేహౌండ్స్' అనగానే మన ప్రాంతంలో ఎవరికైనా పోలీసులే గుర్తొస్తారు. 1989లో ఏర్పాటైన ఆ ప్రత్యేక దళం పేరు మన నోళ్లలో అంతగా నానింది. అసలు ఆ పేరు ఒక వేటకుక్కది. సన్నటి నడుము, పొడవాటి కాళ్లు, గంటకు 60 కిలోమీటర్లు దాటే పరుగు. కంటికి కనిపించినదాన్ని తరిమి పట్టడమే దాని పని. ఇక కోలీ అంటే 'లాసీ' సినిమాల్లో కనిపించే బొచ్చు కుక్క. స్కాట్లండ్‌ గొర్రెల కాపరులకు కుడిభుజం లాంటిది.

ఈ రెండింటినీ కలిపి పుట్టించిన సంకరజాతి కుక్క ఇంగ్లండు పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని అక్కడ 'లర్చర్' అంటారు. ఎక్కడో ఇంగ్లండు కుక్క సంగతి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆడవాళ్లకెందుకు అంటారా? ఎందుకంటే కుక్కపిల్లను చూసి ముచ్చటపడేది పిల్లలు, కొనుక్కొచ్చేది ఆయన. అన్నం కలిపి పెట్టేదీ, వాకిలి కడిగేదీ, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తేదీ మాత్రం ఇల్లాలే! వేలు పోసి కొనేముందు ఏ కుక్క ఏ పనికి పుట్టిందో తెలుసుకోవాల్సింది కూడా ఆమే.

ఎందుకు కలిపారు?

గ్రేహౌండ్‌కు వేగం ఉంది. ఓపిక తక్కువ. ఒక్క ఊపున పరుగెత్తి అలసిపోతుంది. చర్మం పల్చన, ఒంట్లో కొవ్వు తక్కువ. ముళ్లకంపల్లో పడితే చీరుకుపోతుంది, చలికి వణుకుతుంది. పైగా ఎదురుగా ఏదైనా కదిలిందంటే యజమాని ఎంత పిలిచినా దాని చెవికెక్కదు.

కోలీ ఇందుకు పూర్తిగా భిన్నం. కాపరి ఈల వేస్తే చాలు, ఎడమకు వెళ్లాలో కుడికి వెళ్లాలో దానికి అర్థమైపోతుంది. అందులోనూ బోర్డర్ కోలీ అనే రకం మొరగకుండా, కరవకుండా, కేవలం చూపుతోనే గొర్రెలను అదుపు చేస్తుంది. పొద్దస్తమానం పనిచేసినా విసుగు చెందదు.

ఈ రెండూ కలిస్తే వేగానికి వినయం తోడవుతుంది. కాస్త గరుకైన బొచ్చు, గట్టి పాదాలు, ఎక్కువ ఓపిక వస్తాయి. చెప్పింది త్వరగా నేర్చుకుంటుంది. ఇంగ్లండులో కూలీనాలీ చేసుకునేవాళ్లూ, ఊరూరా తిరిగే సంచార కుటుంబాలూ దీన్ని పెంచింది అందుకే. కుందేలును పట్టి తెస్తే ఆ పూట ఇంట్లో కూర ఉన్నట్టే!

అలాగని పుట్టిన పిల్లలన్నిటికీ మంచి గుణాలే వస్తాయా? రావు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనూ తేడాలుంటాయి. ఒకదానికి తండ్రి పరుగు వచ్చి తల్లి బుద్ధి రాకపోవచ్చు. మరోదానికి కాపరితనం ఎక్కువై ఇంట్లో పిల్లలనే గొర్రెల్లా చుట్టుముట్టవచ్చు. సంకరజాతి పిల్లలకు మళ్లీ పిల్లలు పుడితే ఏ గుణం ఎటు పోతుందో చెప్పడం మరీ కష్టం. అందుకే తెలిసినవాళ్లు జాతి పేరు కన్నా ముందు తల్లిదండ్రులు ఏం పని చేస్తున్నాయో చూస్తారు.

మన దగ్గర ఆ పనుందా?

అసలు ప్రశ్న ఇదే. లర్చర్‌కు పేరు తెచ్చింది కుందేళ్ల వేట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని కుక్కతో తరిమి పట్టడం నేరం. ఇంగ్లండులో కూడా 2004లో చట్టం చేసి కుక్కలతో కుందేళ్ల వేటను నిషేధించారు. అంటే ఆ కుక్క పుట్టిన పనే ఇప్పుడు కూడని పని అయింది.

ఇక గొర్రెలు తోలడం. మన కాపరులు మందతో పాటే నడుస్తారు. నోటితో అదిలిస్తారు, చేతిలో కర్ర ఉంటుంది. వాళ్ల గొంతు గుర్తుపట్టి మంద కదులుతుంది. కాబట్టి మన కాపరికి కుక్క కావాల్సింది తోలడానికి కాదు, కాపలాకు.

వరి కోతలయ్యాక సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాల్లో గొర్రెల మందలు దిగడం మీరు చూసే ఉంటారు. ఎరువు కోసం రైతులు రాత్రిపూట మందను తమ పొలంలో పెట్టించుకుంటారు. కాపరి కుటుంబానికి ఆ పొలమే ఇల్లు. మంద పక్కన ముడుచుకు పడుకున్న ఊరకుక్కే తలుపు, తాళం అన్నీ! నక్క వచ్చినా, దొంగ వచ్చినా ముందు లేచేది అదే.

ఈ పనికి కావాల్సిన గుణాలు వేరు. మందను వదిలి వెళ్లకూడదు. కొత్త అలికిడికి గట్టిగా మొరగాలి. గొర్రెపిల్ల గంతులేసినా కదలకుండా చూస్తూ ఊరుకోవాలి. కదిలేదాన్నల్లా తరమాలనిపించే గ్రేహౌండ్ రక్తం ఇక్కడ మేలు కన్నా కీడే చేస్తుంది. పెరట్లో కోళ్లు, పిల్లులు ఉన్న ఇంటికీ ఇదే మాట వర్తిస్తుంది. పైగా మన ఎండలు! మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే చోట కోలీ లాంటి బొచ్చు కుక్క రొప్పుతూ మూలన పడుండాల్సిందే.

2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలైనప్పుడు ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. వాటిని రాత్రిళ్లు కాచే కుక్క మాత్రం ఎప్పటిలాగే ఊళ్లోంచి వచ్చిందే. దానికి జాతి పేరు లేదు, ధర లేదు. పని మాత్రం ఉంది.

మన జాతులూ తక్కువ కాదు

రెండు జాతులను కలపడం మనకు కొత్తేమీ కాదు. ఉత్తరాదిన రాంపూర్ నవాబులు గ్రేహౌండ్‌ను అఫ్గాన్ వేటకుక్కతో కలిపి రాంపూర్ హౌండ్‌ను తయారు చేశారని చెబుతారు. ముధోల్ హౌండ్ పేరు మీరు వినే ఉంటారు. ముధోల్ అంటే మన నిర్మల్ జిల్లాలోది కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ దగ్గరిది. సన్నగా, చురుగ్గా ఉండే ఈ జాగిలాన్ని మన సైన్యం కూడా తీసుకుని శిక్షణ ఇచ్చింది. 2005లో తపాలా శాఖ విడుదల చేసిన కుక్కల స్టాంపుల్లో ముధోల్, రాంపూర్ రెండూ ఉన్నాయి.

మన తెలుగు నేలకూ ఒక సొంత జాతి ఉంది. కోదాడ నుంచి విజయవాడ దాటి కొల్లేరు వైపు వెళితే, ఒకప్పుడు అక్కడ బాతుల మందలను కాసినది 'జోనంగి' కుక్క. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మన ఎండకు తట్టుకునే ఒళ్లు. బాతులు పోయి చేపల చెరువులు పెరిగేసరికి దానికి పని పోయింది, దాని సంఖ్యా తగ్గిపోయింది. పని పోతే జాతికే ముప్పు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

మందు విషయంలో జాగ్రత్త

ఇప్పటికే కోలీనో, కోలీ సంకరాన్నో పెంచుతున్నవాళ్లు ఒక సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. గొర్రెలకు పురుగుల మందుగా వాడే ఐవర్‌మెక్టిన్ కొన్ని కోలీలకు ఎక్కువ మోతాదులో పడితే విషమే. వాటిలో ఉండే ఒక జన్యులోపం వల్ల మందు మెదడుకు చేరిపోతుంది. కుక్క తూలిపోతుంది, స్పృహ తప్పుతుంది, చనిపోవచ్చు కూడా. ఈ లోపం సంకరజాతి పిల్లలకూ రావచ్చు. కాబట్టి గొర్రెల కోసం తెచ్చిన సీసాలోంచి కుక్కకు కాస్త పట్టించడం వద్దే వద్దు. గ్రేహౌండ్‌కు మరో చిక్కు. కొన్ని రకాల మత్తుమందుల నుంచి అది ఆలస్యంగా తేరుకుంటుంది. ఆపరేషన్ చేయించాల్సి వస్తే జాతి ఏమిటో డాక్టరుకు ముందే చెప్పండి.

ఊరకుక్కకు మరో ముప్పుంది. దూరాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రోజుల్లో గానీ, ఇంట్లో శుభకార్యానికి గానీ గొర్రెను కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు కుక్కలకు విసిరేయడం అలవాటు. వాటిలో నీటి బుడగల్లాంటివి ఉంటే కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క మలంతో బయటికొచ్చే గుడ్లు మన చేతులకంటి, నోట్లోకి పోతే మన కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ అలాంటి బుడగలే కడతాయి. ఆపరేషన్ దాకా పోవచ్చు. బాగా ఉడికించిన ముక్కే పెట్టండి. బుడగలున్నవాటిని లోతుగా పాతిపెట్టండి.

కుక్కను తెచ్చుకునే ముందు...

* ముందు పనేమిటో తేల్చుకోండి. ఇంటి కాపలాకా, మందకా, పిల్లల తోడుకా? కాపలాకైతే మన ఊరకుక్కపిల్ల చాలు.

* ఇరుకింట్లో వేటజాతి వద్దు. రోజూ పరుగు లేకపోతే దాని కోపమంతా చెప్పుల మీదా, సోఫాల మీదా తీర్చుకుంటుంది.

* మూడో నెలలో రేబిస్ టీకా వేయించండి. డాక్టరు చెప్పినప్పుడు బూస్టరు, ఆ తర్వాత ఏటా మరవొద్దు. మంద కాసే కుక్కకూ ఇది తప్పదు.

* బద్దెపురుగుల మందు డాక్టరును అడిగి క్రమం తప్పకుండా ఇవ్వండి. కుక్కను ముట్టుకున్న పిల్లలు అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలి.

* ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష పెట్టకండి. మిగిలిన కూరన్నం వేసేటప్పుడు ఉల్లిపాయ ఉందేమో చూసుకోండి.

* ఎండాకాలంలో నీడ, నీళ్లు ఉండాలి. విపరీతంగా రొప్పుతూ చొంగ కారుస్తుంటే వడదెబ్బే. ఒంటిమీద నీళ్లు పోసి, గాలి తగిలేలా ఉంచి వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

* ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, సూదులన్నీ పూర్తి చేయండి. పెంచిన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

కోలీ బుద్ధి, గ్రేహౌండ్ పరుగు కలిపినవాళ్లు తమ పొలానికీ, తమ పనికీ సరిపోయే కుక్కను తయారు చేసుకున్నారు. మనం నేర్చుకోవాల్సింది వాళ్ల కుక్క పేరు కాదు, ఆ ఆలోచన. వాకిట్లో ముద్ద కోసం ఎదురుచూసే మన 'గ్రామసింహం' ఈ ఎండలో, ఈ నేల మీద ఎప్పటినుంచో కాపలా కాస్తూనే ఉంది. దానికి ఏడాదికో టీకా, పూటకో ముద్ద, గిన్నెడు నీళ్లు. అంతకు మించి అది అడిగేదేముంది?