పిట్టలు మీ పెరట్లోకి రావాలా? ముందు వాటి మెనూ చూడండి!

ఎండాకాలం రాగానే డాబా మీద మట్టి మూకుడులో నీళ్లు పోసి, ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. మంచి పనే. పిట్ట వస్తుంది, గొంతు తడుపుకుంటుంది, ఎగిరిపోతుంది. ఎందుకు ఉండదు? తినడానికి, గూడు పెట్టడానికి మన పెరట్లో ఏమీ లేదు కాబట్టి! ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ఊళ్లలో నర్సరీ అందాల కంటే మన కొండల్లో, చేలగట్ల మీద పెరిగే మొక్కలే పిట్టలకు ఇష్టం. పైగా అవి ఎండకు తట్టుకుంటాయి, నీళ్లూ తక్కువే అడుగుతాయి.

ఏడాది పొడవునా విందు

ఒకే రకం చెట్లు పెడితే పిట్టలు ఒక్క సీజన్‌కే వస్తాయి. అందుకే కాపు కాలం చూసి ఎంచుకోండి. సంక్రాంతికి రేగు. ఎండలు ముదిరేసరికి సీమచింత, చిలుకలకు ప్రాణం! ఆ తర్వాత వేపపండ్లు, వాటికోసం కోకిల వస్తుంది. తొలకరి నాటికి నేరేడు, గోరింకలకు పండగే. మునగ, మందారం పూస్తే తేనెపిట్టలు వద్దన్నా వాలతాయి. వేప, నేరేడు పెద్దవవుతాయి కాబట్టి గోడకు దూరంగా నాటండి. మర్రి, రావి వేళ్లు గోడల్ని చీల్చేస్తాయి. వాటిని చెరువుకట్టకు వదిలేద్దాం.

చోటు లేదా? కంచె ఉందిగా!

రెండు సెంట్ల స్థలమే ఉంటే కలివి, గోరింట కంచెగా వేయండి. కలివి ముళ్ల మధ్య పిగిలిపిట్ట గూడు పెడితే పిల్లి దగ్గరికి రావడం కష్టం. పండ్లు అదనం.

ఈ కలివిని చిన్నచూపు చూడకండి. దాని పేరుతోనే ఒక పిట్ట ఉంది, కలివికోడి! ఇంగ్లీషులో దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. ఒకప్పుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ పేరే అది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో పక్కనే ఉన్న కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది బతికేది ముళ్లపొదలు, మధ్యలో ఖాళీ నేల ఉన్న అడవిలో. ఆ పొదల్ని కొట్టేస్తే దానికి ఇంకో ఇల్లు లేదు. కలివికోడి మన పెరట్లోకి రాదు, నిజమే. కానీ కంచె కొట్టేసి కాంపౌండ్ గోడ కట్టిన ప్రతిచోటా మామూలు పిట్టలకు జరిగేదీ అదే.

పురుగుల్ని కాస్త ఓర్చుకోండి

మునగకు గొంగళిపురుగు పట్టగానే మందు కొట్టే అలవాటు మనది. కానీ చాలా పిట్టలు పిల్లలకు పెట్టేది పురుగులే. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా, గూట్లో పిల్లకు మాత్రం పురుగే తెచ్చి పెడుతుంది. మందు కొడితే పురుగుతోపాటు ఆ పిల్ల కడుపూ మాడుతుంది. ఎండిన కొమ్మ కనిపించగానే నరికేయకండి. ప్రమాదం లేకపోతే ఉంచండి, కంసాలిపిట్ట తొర్ర చేసుకునేది అలాంటి కొమ్మలోనే.

ఎప్పుడు నాటాలి?

నెల్లూరు జిల్లాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటి వాన పడగానే గుంత తీసి నాటేయండి. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పోస్తే చాలు, తర్వాత వాటి బతుకు అవే చూసుకుంటాయి.

ఈ ఏడు ఒక్క కలివి, ఒక్క రేగు నాటి చూడండి. మూకుడులో నీళ్లు మాత్రం మానకండి. విందుకు వచ్చిన చుట్టానికి మంచినీళ్లూ ఇవ్వాలి కదా!