అచ్చుకు ముందు ప్రూఫు, వెబ్‌సైటుకు ముందు లోకల్ సర్వర్

నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో 1960లో ఆంధ్రజ్యోతి వెలువడిన విజయవాడలో ప్రూఫు అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు. కూర్చిన పేజీని మెషీను ఎక్కించే ముందు ఒక ప్రతి తీసి, తప్పులు దిద్దిన తరువాతే అచ్చు వేస్తారు. వెబ్‌సైటు విషయంలో ఆ పని చేసేది లోకల్ సర్వర్, అంటే సైటును లోకానికి చూపకముందు తయారీదారు సొంత కంప్యూటరులోనే నడిపి చూసుకునే ఏర్పాటు.

లాగిన్, డేటాబేసు, పేజీల చిరునామాల వంటి, ప్రతి సైటుకూ కావలసిన హంగులను ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల సముదాయాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. వాటిలో పేరున్న జాంగో పుట్టింది కూడా ఒక పత్రికా కార్యాలయంలోనే కావడం విశేషం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు దినపత్రిక లారెన్స్ జర్నల్-వరల్డ్‌లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విలిసన్ 2003లో దీనికి శ్రీకారం చుట్టగా, 2005 జూలైలో అది ఉచితంగా అందరికీ అందింది. జాజ్ గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరే దీనికి పెట్టారు.

జాంగోతో లోకల్ సర్వర్ నడపాలంటే, పైథాన్ భాష ఉన్న కంప్యూటరులో మొదట వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను, అంటే ఒక ప్రాజెక్టు సామగ్రి మరొకదానితో కలిసిపోకుండా విడిగా ఉంచే ఫోల్డరును సృష్టించి, దాన్ని యాక్టివేట్ చేయాలి; కమాండ్ వరుసకు ముందు బ్రాకెట్లలో ఆ ఫోల్డరు పేరు కనిపిస్తే పని జరిగినట్టే. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ తరువాత 'పిప్ ఇన్‌స్టాల్ జాంగో' అన్న ఆదేశంతో ఫ్రేమ్‌వర్క్ దిగుతుంది, 'స్టార్ట్‌ప్రాజెక్ట్'తో ప్రాజెక్టు ఏర్పడుతుంది, 'రన్‌సర్వర్'తో సర్వర్ నడుస్తుంది. అప్పుడు బ్రౌజరులో 127.0.0.1:8000 అని కొడితే రాకెట్ బొమ్మతో స్వాగత పేజీ తెరుచుకుంటుంది. మైగ్రేషన్లు, అంటే డేటాబేసులో చేయవలసిన మార్పులు, మిగిలి ఉన్నాయని ఎర్రటి అక్షరాల్లో కనిపించే హెచ్చరికకు కంగారు పడనక్కరలేదు. 'మైగ్రేట్' ఆదేశం ఇస్తే డేటాబేసు పట్టికలు తయారై అది పోతుంది.

127.0.0.1 అన్నది ఏ కంప్యూటరుకైనా తనను తాను సూచించుకునే చిరునామా. అందుచేత కానూరు విద్యార్థి ఆ లింకును మచిలీపట్నంలోని మిత్రుడికి వాట్సాప్‌లో పంపితే, మిత్రుడి కంప్యూటరు ఆ సైటును తనలోనే వెతుక్కుని లేదని చెబుతుంది. అదే కారణంగా, ఒకసారి ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ లేకపోయినా పని ఆగదు.

సెట్టింగ్స్ ఫైలులో కాలమానం మొదట యూటీసీగా ఉంటుంది కనుక, దాన్ని ఏషియా/కోల్‌కతాగా మార్చకపోతే విజయవాడలో ఉదయం 10 గంటలకు నమోదైన ఆర్డరు తెల్లవారుజాము 4:30 అని కనిపిస్తుంది. భాష కోడును 'టీఈ' చేస్తే నిర్వహణ పేజీల్లో తెలుగు మాటలు వస్తాయి గాని, అనువాదం అసంపూర్ణం. దివిసీమకు చెందిన మండలి వెంకటకృష్ణారావు పేరిట వెలువడిన మండలి ఫాంటును ఉచితంగా జోడించి, ఒత్తులూ గుణింతాలూ సరిగా పడుతున్నాయో లేదో ఈ దశలోనే చూసుకోవడం మేలు.

సైటును అసలు సర్వర్‌కు ఎక్కించే రోజున అదే ఫైలులో డీబగ్ ఎదుట ఉన్న 'ట్రూ'ను 'ఫాల్స్' చేయడం మరవకూడదు. లేదంటే తప్పు దొర్లినప్పుడల్లా ప్రోగ్రాము లోపలి వివరాలు చూడవచ్చినవారి కళ్లబడతాయి.