నేలపట్టు, పులికాట్: చిన్న బృందమునకు రెండు దినముల యాత్ర

తీర్థయాత్రలు మన గ్రామస్థులకు క్రొత్త కావు. పంట ఇల్లు చేరిన పిమ్మట పదిమంది కలిసి తిరుపతికో శ్రీశైలమునకో పోవుట తాతలనాటి ఆచారము. కాని కేవలము సముద్రమును, పక్షులను, మృగములను చూచుటకై ప్రయాణము కట్టుట మన పల్లెలలో ఇటీవలి అలవాటు. దీనినే 'సఫారీ' అనుచున్నారు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ఈ మాటకు ప్రయాణమని అర్థము. అది అరబ్బీ నుండి వచ్చినది. మనవారు వాడు 'సఫరు' దాని తోబుట్టువే. సఫారీ యనగానే సింహములు, ఏనుగులు తలపునకు వచ్చుట సహజము. ఐనను సముద్రతీరమును, అడవి ప్రాణులను ఒకే త్రోవలో చూడగోరు వారికి మన తెలుగునేల దక్షిణపు కొసన, నాయుడుపేట, సూళ్లూరుపేటల నడుమ, చక్కని అవకాశము కలదు. ఈ ప్రాంతము 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ ఏట ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది.

ఆరుగురు లేక ఎనమండుగురు కలిసి ఒక జీపునో వ్యానునో కుదుర్చుకొనుట మేలని మా అభిప్రాయము. బస్సు నిండ జనము దిగినచో పక్షులు చూపునకు అందవు. ఒంటరిగా పోయినచో ఖర్చు మోయలేము. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనువైన కాలము. వేసవిలో పోయినవారికి ఎండిన చెరువు, పగుళ్లువారిన బురద మాత్రమే మిగులును.

మొదటి దినము మధ్యాహ్నమునకు వాకాడు మీదుగా తూపిలిపాళెము తీరము చేరవచ్చును. సరుగుడు తోటలు, ఇసుక, పడవలు, వలలు సవరించుకొనుచున్న జాలరులు. ఇచ్చట చూడవలసినది సముద్రమే గనుక దానిని గూర్చి విస్తరించము. తీరమునకు సమాంతరముగా బకింగ్‌హాం కాలువ సాగిపోవుచున్నది. రైళ్లు, లారీలు వ్యాపింపక పూర్వము కట్టెలు, ఉప్పు, ధాన్యము ఈ కాలువ మీదనే చెన్నపట్టణము చేరెడివి. చలికాలపు చివర రాత్రివేళలలో సముద్రపు తాబేళ్లు ఈ తీరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. దీపములు వేసినచో అవి బెదరి వెనుకకు మరలును గనుక, చీకటిపడక మునుపే తీరమును విడుచుట మర్యాద.

రెండవ దినము తెల్లవారుసరికి నేలపట్టులో నుండవలెను. దొరవారిసత్రము వద్ద జాతీయ రహదారి నుండి కొద్ది దూరములో నున్న ఈ చిన్న గ్రామపు చెరువును, దాని చుట్టునున్న అడవిని కలిపి 1976లో పక్షుల రక్షిత కేంద్రముగా ప్రకటించిరి. వైశాల్యము 459 హెక్టారులు మాత్రమే. చెరువులో కడప చెట్లు మొలలోతు నీటిలో నిలిచి బ్రతుకుచున్నవి. వాని కొమ్మలమీద వందలాది గూడబాతులు గూళ్లు కట్టుకొనును. చుట్టును నీరుండుట చేత పిల్లి, నక్క వంటివి గూళ్లను చేరలేవు. ఆ చెట్లను అవి ఎంచుకొనుటకు కారణ మదియే.

గూడబాతు ముక్కు క్రింద సంచి వంటి తోలు వ్రేలాడుచుండును. దానితో నీటిని చేపలతో సహా తోడి, నీటిని విడిచి చేపలను మ్రింగును. కూన తన తలను తల్లి గొంతులోనికి దూర్చి ఆహారమును తీసికొనుట చూచినవారికి మ్రింగివేయుచున్నదేమో యను భ్రమ కలుగును. గ్రుడ్డు పిగులుటకు సుమారు నెల దినములు, కూన ఎగురుటకు మరి మూడు నెలలకు పైగా పట్టును. అనగా చెరువులో నాలుగైదు నెలలు నీరు నిలువవలెను. నడుమ నీరు తగ్గినచో కూనలకు ప్రాణాపాయము.

ఈ పక్షులు మేతకై పులికాట్ సరస్సునకు పోయి వచ్చుచుండును. వాని రెట్ట చెరువు నీటిలో కలియును. ఆ నీరు పారిన పొలములు బలముగా పండునని అచ్చటి రైతులు ఎరుగుదురు. సరస్సులోని చేప ఈ విధముగా వరికి ఎరువగుచున్నది!

ఇచ్చటి పక్షులన్నియు సైబీరియా నుండి వచ్చునని చాలమంది చెప్పుచుందురు. అది పూర్తిగా నిజము కాదు. సూదితోక బాతు వంటి కొన్ని జాతులు ఉత్తర ఆసియా నుండి వచ్చుట వాస్తవమే. గూడబాతులు మాత్రము మన దేశపు పక్షులే. నీటిని, చేపలను వెదకికొనుచు ఒకచోటి నుండి మరియొక చోటికి పోవుచుండును. రాజహంసలు మన దేశమున గూళ్లు కట్టు ప్రధానస్థానము గుజరాతులోని కచ్ఛ రణము.

ఆ రాజహంసలను చూచుటకు సాయంకాలము సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట పోవు మార్గమున వెళ్లవలెను. పులికాట్ మన దేశములో చిలుక సరస్సు తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. అందులో అధికభాగము మన రాష్ట్రమునను, మిగిలినది తమిళనాడునను కలదు. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతము నుండి వేరుచేయుచున్నది. మార్గము సరస్సు నడుమ కట్టవలె సాగును. ఇరుప్రక్కల రాజహంసలు బారులు తీరి, తలలు తలక్రిందులు చేసి, ముక్కులతో బురదనీటిని వడగట్టి సూక్ష్మజీవులను తినుచుండును. ఆ ఆహారములోని రంగువలననే వాని ఈకలకు గులాబివర్ణము వచ్చుచున్నది. దీవిలోని అంతరిక్ష కేంద్రములోనికి అనుమతి లేక పోరాదు. రాకెట్టు ప్రయోగములను మాత్రము, ముందుగా పేరు నమోదు చేసికొన్నవారు చూచుటకు 2019లో గ్యాలరీ ఏర్పడినది.

ఈ సరస్సు సగటులోతు మీటరుకు మించదు. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెచ్చును. సముద్రముతో కలుపు ముఖద్వారములు ఉప్పునీటిని, దానితో పాటు రొయ్య, చేపపిల్లలను లోనికి తెచ్చును. ఈ ముఖద్వారములలో ఇసుక మేటవేసినచో రాకపోకలు నిలిచిపోవును. సరస్సునకు అడ్డముగా వేసిన మార్గములు నీటి పారుదలను తగ్గించుచున్నవి. ఉత్తరభాగము వేసవిలో ఎండి, దీవుల ప్రజలు నేలమీదనే నడచిపోవుటయు కలదు. చేప తగ్గినచో మొదట పస్తుండునది జాలరి కుటుంబము, తరువాత గూడబాతు, ఆ పిమ్మట నేలపట్టు రైతు పొలము. యాత్రికుడు చూచు సొగసు వెనుక ఇన్ని బ్రతుకులు ముడివడి యున్నవి. అందుచేత ముఖద్వారముల పూడికతీతను జాలరుల కోర్కెగా మాత్రమే భావించుట సరికాదని మా తలంపు.

పోవువారు ఒక దుర్భిణి, త్రాగునీరు, భోజనము వెంట తీసికొనవలెను. నేలపట్టులో చెరువు కట్ట మీద నుండియు, ఎత్తైన మంచె మీద నుండియు చూడవచ్చును; గూళ్ల దగ్గరకు పోగూడదు. హారను మ్రోగింపరాదు, టపాకాయలు కాల్చరాదు. బెదరిన తల్లి లేచిపోయినచో కాకులు గ్రుడ్లను పొడుచును. సరస్సులో బురద గట్టిగా కనబడినను కాలు దిగబడును గనుక మార్గమును విడువరాదు. జీపు లేనివారు రైలులో సూళ్లూరుపేటలో దిగి, అచ్చట ఆటో మాట్లాడుకొని ఈ రెండు స్థలములను ఒక్క దినములోనే చూచి రావచ్చును.