వైద్యానికీ ధర అడగాలి

పురుగుమందు కొనాలంటే మనం రెండు మూడు షాపులు తిరుగుతాం. లీటరు ఎంత, ఉద్దెరకైతే ఎంత అని అడుగుతాం. మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు ఎత్తే ముందు ఆ రోజు ధర కనుక్కుంటాం. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే మాత్రం నోరు పెగలదు. రాసిన పరీక్షలన్నీ చేయించి, ఇచ్చిన మందులన్నీ తీసుకుని, చెప్పిన బిల్లు కట్టి వస్తాం. పంట పెట్టుబడికి తెచ్చిన అప్పు మీద ఈ అప్పు కూడా పడితే ఎకరం, రెండెకరాల రైతు కోలుకోవడం కష్టం.

2016 వానాకాలంలో బోనకల్ మండలంలో, ముఖ్యంగా రావినూతలలో డెంగీ ఎంత భయపెట్టిందో అందరికీ గుర్తే. అటువంటి భయంలోనే ఖర్చు చేయి దాటుతుంది. అందుకే ఈ విషయాలు ముందే తెలుసుకుని ఉండాలి.

ఎప్పుడు బేరం వద్దు

పాము కాటు, పురుగుమందు లోపలికి పోవడం, గుండెనొప్పి, కాలూ చేయీ పడిపోవడం, కాన్పు కష్టం కావడం - ఇలాంటప్పుడు ధరలు అడుగుతూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. డెంగీ జ్వరంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, మగత కనిపిస్తే గంట కూడా ఆగవద్దు. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ అని గుర్తుంచుకోండి. మిగతా జబ్బులకు అడిగి తెలుసుకునే వ్యవధి ఉంటుంది.

పరీక్షలు, ప్లేట్‌లెట్లు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే చాలా పరీక్షలు ఉచితంగా చేస్తారు. ముందు అక్కడ అడగండి. ప్రైవేటు ల్యాబుకు వెళ్లాల్సి వస్తే పరీక్ష పేరు చీటీ మీద రాయించుకుని రెండు చోట్ల ధర కనుక్కోండి.

డెంగీని కార్డు పరీక్ష ఒక్కదానితో ఖాయం చేయరు, ఎలైజా పరీక్ష కావాలి. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే ఎక్కించవలసిన పని లేదు. రక్తస్రావం లేనప్పుడు పది వేల కంటే దిగితేనే ఎక్కించాలన్నది జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న మాట. నిర్ణయం డాక్టరుదే. కానీ ఎందుకు ఎక్కిస్తున్నారని అడిగే హక్కు మీకుంది.

మందులో అసలు పేరు చూడాలి

యూరియా బస్తా మీద కంపెనీ పేరు ఏదైనా లోపల నత్రజని 46 శాతమే. మందు గోళీ కూడా అంతే. స్ట్రిప్ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. ఈ రెండూ ఒకటైతేనే ధర పోల్చాలి. డాక్టర్లు అసలు పేరు స్పష్టంగా రాయాలని 2016లోనే నిబంధన వచ్చింది.

ధర స్ట్రిప్‌కు కాదు, గోళీకి లెక్క వేయండి. 10 గోళీలు 60 రూపాయలైతే గోళీ 6 రూపాయలు. 15 గోళీలు 75 అయితే గోళీ 5 రూపాయలే. బీపీ, షుగర్ మందులు రోజూ వేసుకోవాలి కనుక ఆ ఒక్క రూపాయే ఏడాదికి 365 అవుతుంది. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదనే గానీ, అంతా కట్టాలని కాదు. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు సగం ధరకే, కొన్ని అంతకంటే తక్కువకు దొరుకుతాయి. అయితే డాక్టరును అడగకుండా మందు ఆపవద్దు, మోతాదు మార్చవద్దు.

చేర్పించే ముందు

ఆసుపత్రిలో ధరల పట్టిక అందరికీ కనిపించేలా, స్థానిక భాషలో కూడా పెట్టాలని 2012 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. గది అద్దె, డాక్టరు ఫీజు, ఆపరేషన్, మందులు - అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వమనండి. ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పిన ఆసుపత్రికే పోవాలని లేదు. రోగిని పంపినందుకు కమీషన్ ముట్టే చోట్లు ఉన్నాయి. ఆ సొమ్ము చివరికి మీ బిల్లులోనే కలుస్తుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. అయితే అన్ని జబ్బులకూ, అన్ని ఆసుపత్రులకూ అది వర్తించదు. డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి. మన వాళ్లు చాలామంది రైలెక్కి విజయవాడ వెళతారు. అది వేరే రాష్ట్రం. మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయలుదేరకముందే కనుక్కోవాలి.

బిల్లు పారేయవద్దు

విత్తనాల రసీదు దాచుకున్నట్టే చీటీలు, రిపోర్టులు, బిల్లులు ఒక సంచిలో దాచండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. నష్టం జరిగితే రెండేళ్లలోగా ఖమ్మంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయవచ్చు.

ధర అడిగితే డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాటపడవద్దు. ఇవ్వబోయేది మీ కష్టార్జితం. ఈ నాలుగు నంబర్లూ - 108, 104, 1915, మీ ఆశా కార్యకర్త నంబరు - గోడ మీద క్యాలెండర్ పక్కన ఈ రోజే రాసి పెట్టుకోండి.