బ్రెట్టన్ వుడ్స్ వ్యవస్థ, ఉత్తర తెలంగాణ

బ్రెట్టన్ వుడ్స్ వ్యవస్థ అనగా రెండవ ప్రపంచ యుద్ధం ముగింపు దశలో 44 దేశాలు కలిసి రూపొందించుకున్న అంతర్జాతీయ ద్రవ్య ఏర్పాటు. 1944 జూలై 1 నుండి 22 వరకు అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో బ్రెట్టన్ వుడ్స్ అనే చోట జరిగిన సమావేశం వల్ల దీనికి ఆ పేరు వచ్చినది. దేశాల కరెన్సీల మధ్య స్థిరమైన మారకపు రేట్లు ఉండాలన్నది దీని మూలసూత్రం. 1971లో కుప్పకూలేవరకు ప్రపంచ వాణిజ్యం ఈ పద్ధతిపైనే నడిచినది. సముద్రానికి దూరంగా ఉన్న ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల ఆర్థిక జీవితంపై కూడా ఈ వ్యవస్థ, దాని పతనం మూడు మార్గాలలో ప్రభావం చూపాయి: చలామణిలోని నాణెం విలువ, సాగునీరు, గల్ఫ్ వలస.

నేపథ్యం

1930లలోని ఆర్థిక మాంద్యంలో అనేక దేశాలు తమ ఎగుమతులు పెంచుకొనుటకు కరెన్సీ విలువను పోటీపడి తగ్గించుకున్నాయి. దిగుమతులపై సుంకాలు పెంచాయి. ఫలితంగా ప్రపంచ వాణిజ్యం కుదించుకుపోయి నిరుద్యోగం పెరిగినది. యుద్ధం తరువాత ఆ పరిస్థితి మళ్ళీ రాకుండా చూడటమే బ్రెట్టన్ వుడ్స్ సమావేశపు లక్ష్యం. బ్రిటన్ పక్షాన జాన్ మేనార్డ్ కీన్స్, అమెరికా పక్షాన హ్యారీ డెక్స్టర్ వైట్ ప్రణాళికలు సమర్పించగా, చివరకు వైట్ ప్రణాళిక వైపే ఎక్కువగా మొగ్గు చూపారు.

అప్పటికి స్వాతంత్ర్యం రాకపోయినా భారతదేశం ప్రత్యేక సభ్యదేశంగా పాల్గొన్నది. ప్రతినిధి బృందంలో జెరెమీ రైస్‌మన్, చింతామణ్ దేశ్‌ముఖ్, ఆర్.కె.షణ్ముఖం చెట్టి, ఎ.డి.ష్రాఫ్ తదితరులున్నారు. యుద్ధకాలంలో బ్రిటన్ భారతదేశానికి బాకీపడిన స్టెర్లింగ్ నిల్వల సమస్యను వీరు లేవనెత్తారు కాని, సమావేశం దానిని చేపట్టలేదు.

పనిచేసిన విధానం

సమావేశ ఫలితంగా అంతర్జాతీయ ద్రవ్య నిధి, ప్రపంచ బ్యాంకు ఏర్పడ్డాయి. వ్యవస్థ ముఖ్య నియమాలు ఇవి:

- అమెరికా డాలరు విలువ ఔన్సు బంగారానికి 35 డాలర్లుగా నిర్ణయించబడినది. విదేశీ ప్రభుత్వాలు, కేంద్ర బ్యాంకులు తమ వద్దనున్న డాలర్లను ఈ ధరకు బంగారంగా మార్చుకోవచ్చును.
- ఇతర దేశాలు తమ కరెన్సీ విలువను బంగారంలో లేదా డాలరులో ప్రకటించి, మారకపు రేటు దానికి ఒక శాతం కంటే ఎక్కువ అటూఇటూ కాకుండా చూడాలి.
- విదేశీ చెల్లింపులకు తాత్కాలికంగా ఇబ్బంది వచ్చిన దేశానికి ద్రవ్య నిధి అప్పు ఇస్తుంది. ఇబ్బంది మౌలికమైనదైతే నిధితో సంప్రదించి కరెన్సీ విలువను మార్చుకోవచ్చును.

భారత రూపాయి విలువ ఈ వ్యవస్థ కాలంలో రెండు సార్లు తగ్గించబడినది. 1949 సెప్టెంబరులో బ్రిటిష్ పౌండుతో పాటు తగ్గించినప్పుడు డాలరు ధర సుమారు 3.31 రూపాయల నుండి 4.76 రూపాయలకు చేరినది. 1966 జూన్ 6న 7.50 రూపాయలకు చేరినది. అనగా వెయ్యి డాలర్ల అప్పు తీర్చుటకు 1966 మే నెలలో 4,760 రూపాయలు చాలగా, జూన్ నెలలో 7,500 రూపాయలు కావలసి వచ్చినది.

హాలీ సిక్కా

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. అక్కడ నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా చలామణిలో ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయితో దీని మారకం 7 హాలీ రూపాయలకు 6 ఇండియా రూపాయలు. హాలీ సిక్కాకు ద్రవ్య నిధిలో సొంత స్థానం లేదు. దాని డాలరు విలువ ఇండియా రూపాయి ద్వారానే లెక్కకు వచ్చేది. డాలరు 4.76 రూపాయలైనప్పుడు ఈ నిష్పత్తి ప్రకారం సుమారు 5.55 హాలీ రూపాయలు అవుతుంది.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో విలీనమైన తరువాత హాలీ సిక్కా దశలవారీగా ఉపసంహరించబడి 1950ల చివరికి కనుమరుగైనది. దానితో ఈ జిల్లాల రైతు అమ్మే పత్తి, చెల్లించే శిస్తు, షావుకారు వద్ద చేసే అప్పు అన్నీ ద్రవ్య నిధిలో నమోదైన ఒకే కరెన్సీ లెక్కలోకి వచ్చాయి.

పోచంపాడు ప్రాజెక్టు

యుద్ధంలో దెబ్బతిన్న దేశాల పునర్నిర్మాణంతో మొదలైన ప్రపంచ బ్యాంకు, క్రమంగా పేద దేశాల అభివృద్ధి పనులకు మళ్ళినది. భారతదేశానికి తొలి రుణం 1949లో రైల్వేల కొరకు లభించినది. వాణిజ్య వడ్డీ భరించలేని దేశాల కొరకు 1960లో బ్యాంకుకు అనుబంధంగా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ ఏర్పడినది. ఇది వడ్డీ లేకుండా, స్వల్ప సేవా రుసుముతో, దీర్ఘకాలిక రుణాలు ఇచ్చేది.

గోదావరిపై నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల సరిహద్దున నిర్మించిన పోచంపాడు ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేశారు. తరువాత దీనికి శ్రీరాంసాగర్ అని పేరు పెట్టారు. నిధుల కొరతతో పనులు నెమ్మదించగా, 1971లో అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ 3.9 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసినది. ప్రాజెక్టు నుండి కాకతీయ కాలువ కరీంనగర్ జిల్లాకు, సరస్వతి కాలువ ఆదిలాబాదు జిల్లాకు నీరు అందిస్తాయి. రామగుండంలోని జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రానికి కూడా ప్రపంచ బ్యాంకు రుణసాయం అందినది.

ఇటువంటి రుణాన్ని డాలర్లలో తిరిగి చెల్లించే బాధ్యత భారత ప్రభుత్వానిది. రూపాయి విలువ పడిపోయినా ఆ నష్టం కాలువ కింది రైతు మీద నేరుగా పడదు.

వ్యవస్థ పతనం

యూరప్, జపాన్ దేశాలు కోలుకొని ఎగుమతులు పెంచుకోగా, విదేశాలలో పోగైన డాలర్లు అమెరికా బంగారు నిల్వలను మించిపోయాయి. వియత్నాం యుద్ధ వ్యయం ఈ సమస్యను పెంచినది. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ డాలరును బంగారంగా మార్చే సదుపాయాన్ని నిలిపివేశారు. 1973 నాటికి ప్రధాన దేశాలు స్థిర రేట్లను వదిలివేశాయి.

చమురు ధర డాలర్లలో ఉండటం వల్ల డాలరు బలహీనపడినప్పుడు చమురు దేశాల ఆదాయం తగ్గినది. దానికి 1973 అక్టోబరు నాటి అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తోడైనది. పీపా సుమారు 3 డాలర్లున్న ముడిచమురు 1974 ఆరంభానికి 11 డాలర్లు దాటినది. ఇది భారతదేశ దిగుమతి ఖర్చును పెంచినది. గల్ఫ్ దేశాలకు మాత్రం అపారమైన రాబడి వచ్చి, రోడ్లు, రేవులు, భవనాల నిర్మాణానికి కూలీలు అవసరమయ్యారు.

గల్ఫ్ వలస

గల్ఫ్ తీరంలో భారత కరెన్సీ కొత్తది కాదు. రిజర్వు బ్యాంకు 1959 నుండి అక్కడి చలామణి కొరకు ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లను ముద్రించినది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు ప్రవేశపెట్టగా, 1966 నాటి మూల్యహీనీకరణ తరువాత మిగిలిన దేశాలు కూడా గల్ఫ్ రూపాయిని విడిచిపెట్టాయి. తెలంగాణ కూలీలు పెద్ద సంఖ్యలో వెళ్ళేనాటికి అక్కడి జీతం దినార్లు, దిర్హములు, రియాళ్ళలో ఉన్నది.

వర్షాధార సేద్యం, అప్పులు, సిరిసిల్ల వంటి చోట్ల నేతపనిలో గిట్టుబాటు లేకపోవడం 1970ల నుండి ఈ వలసకు ముఖ్య కారణాలు. ఇక్కడివారి బ్రతుకుదెరువు మార్గాలను 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే నానుడి మూడు మాటలలో చెబుతుంది.

స్థిర రేట్ల పద్ధతి ప్రపంచంలో చాలా చోట్ల పోయినా గల్ఫ్‌లో కొంత మిగిలి ఉన్నది. సౌదీ రియాల్ 1986 నుండి డాలరుకు 3.75 చొప్పున నిలిచి ఉన్నది. రూపాయి మాత్రం 1993 నుండి మార్కెట్ రేటుపై నడుస్తున్నది. 1993లో డాలరు సుమారు 31 రూపాయలు కాగా, వెయ్యి రియాళ్ళకు ఇంటికి 8,300 రూపాయల వరకు చేరేవి. డాలరు 82 రూపాయలున్న 2023లో అదే జీతానికి సుమారు 22,000 రూపాయలు వచ్చాయి. అయితే ఈ 30 సంవత్సరాలలో స్వదేశంలో ధరలు కూడా పెరిగినందున ఈ పెరుగుదల మొత్తం లాభం కాదు. వీసా కొరకు బయలుదేరక ముందే చేసిన అప్పుపై వడ్డీ, ఉద్యోగం దొరకకపోయినా, జీతం ఆగినా పెరుగుతూనే ఉంటుంది.

ప్రాముఖ్యత

విదేశీ చెల్లింపుల కష్టాన్ని ఏ దేశమూ ఒంటరిగా మోయకూడదన్నది బ్రెట్టన్ వుడ్స్ ఏర్పాటు వెనుకనున్న ఆలోచన. పోచంపాడు రుణంలో ఆ భారాన్ని ప్రభుత్వం వహించినది. గల్ఫ్ వలసలో అది ఒక్కొక్క కుటుంబంపై పడినది. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు విభజించబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాదు వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. వీటిలో జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల అనేక కుటుంబాలు గల్ఫ్ సంపాదనపై ఆధారపడి ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

- అంతర్జాతీయ ద్రవ్య నిధి
- ప్రపంచ బ్యాంకు
- హాలీ సిక్కా
- శ్రీరాంసాగర్ ప్రాజెక్టు
- గల్ఫ్ రూపాయి