కుండపెంకు వయస్సు ఎలా తెలుస్తుంది?

మన బాలాపూర్, శంషాబాద్ వైపు ఇంటి పునాదులు తవ్వేటప్పుడు కుండపెంకులు బయటపడితే, మేస్త్రీ వాటిని మట్టితోపాటు అవతల పోయిస్తాడు. చాలావరకు అవి మన తాతల నాటివే అయివుంటాయి. అయితే అన్నీ అంతేనా?

గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో పెద్ద రాళ్లు పేర్చిన పురాతన సమాధులున్నాయి. ఆచార్య కె.పి. రావుగారు అక్కడ తవ్వకాలు జరిపించారు. ఇనుప వస్తువులు, వాటితోపాటు మట్టిపాత్రలు దొరికాయి. ఆ కాలపు సమాధుల్లో తరచుగా కనిపించేవి లోపల నల్లగా, వెలుపల ఎర్రగా ఉండే కుండలు. కుండను బోర్లించి కాల్చితే లోపలికి గాలి చొరదు, అక్కడ నలుపు నిలుస్తుంది. గాలి తగిలిన వైపు మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. ఆ నాటి కుమ్మరి పనితనం ఎంత గొప్పదో చూడండి!

ఇక వయస్సు సంగతి. మట్టిలో పలుగురాయి రేణువులుంటాయి. నేలలోని సహజ వికిరణం వల్ల వాటిలో కొద్దికొద్దిగా శక్తి కూడుతుంది. కుండను ఆవములో కాల్చినప్పుడు పాత నిల్వ అంతా పోయి లెక్క సున్నాకు వస్తుంది. కాల్చిన నాటినుండి మళ్లీ కూడుతుంది. ప్రయోగశాలలో ఆ రేణువులను వేడిచేసినా, వాటిపై కాంతి ప్రసరింపజేసినా ఆ శక్తి సన్నని వెలుగుగా బయటికి వస్తుంది. మొత్తం నిల్వను ఏడాదికి కూడే మోతాదుతో భాగిస్తే వయస్సు వస్తుంది.

గచ్చిబౌలి నమూనాలను ఈ పద్ధతిలో పరీక్షించగా సుమారు క్రీ.పూ. 2200 అని తేలింది. దక్షిణాదిన ఇనుము క్రీ.పూ. 1200 ప్రాంతంలో వచ్చిందని పుస్తకాల్లో చదువుకున్న మనకు ఇది వెయ్యేళ్ల తేడా! అందుకే పండితులందరూ ఒప్పుకోలేదు. ఈ లెక్కలో నూటికి అయిదు, పది పాళ్లు అటూఇటూ కావచ్చు, అంటే నాలుగు వందల ఏళ్ల వరకు. బొగ్గు పరీక్ష కూడా తోడైతేనే గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో వెలువరించిన నివేదికలో శివగళైకి బొగ్గు, పెంకులు రెండింటి లెక్కలూ ఇచ్చారు. అక్కడి తేదీలు మరింత పాతవి. వాదన ఇంకా ముగియలేదు.

మీ స్థలంలో రాతి వలయం మధ్య ఇలాంటి పెంకులు కనబడితే కదిలించకండి, కడగకండి. ఎండ తగిలితే పైపొరలోని నిల్వ చెరిగిపోతుంది. చుట్టూ ఉన్న మట్టి పోతే ఏడాది మోతాదు కొలవడం కష్టం. గోనెపట్టా కప్పి, పురావస్తు శాఖవారికి కబురు చేయండి.