కరవు ప్రాంతంలో కళాకారులకు అత్యవసర సహాయం (మడకశిర పరిసరాలు)

కరవు, వరద, తుఫాను వంటి ప్రకృతి వైపరీత్యముల వలన బ్రతుకుతెరువు కోల్పోయిన కళాకారులకు ప్రభుత్వము, సేవాసంస్థలు, తోటి కళాకారులు అందించే తోడ్పాటును కళాకారులకు అత్యవసర సహాయము అనవచ్చును. మడకశిర, దాని చుట్టుపట్ల గల మెట్ట ప్రాంతములలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉన్నది. వరద కళాకారుని పనిముట్టును తీసుకొనిపోతుంది. కరవు అతని ప్రేక్షకుని తీసుకొనిపోతుంది. సహాయ నిబంధనలు మొదటిదానిని గుర్తించినంతగా రెండవదానిని గుర్తించలేదు.

ప్రాంతము, వర్షపాతము

మడకశిర పట్టణము ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దున ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో భాగముగా ఉండేది. ఇక్కడ తెలుగుతో పాటు కన్నడము కూడా విరివిగా మాట్లాడతారు. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనాలు తీరమునుండి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. అందువలన ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వర్షాధారముగా పండే వేరుశనగ ఇక్కడి ముఖ్యమైన పంట.

పంటకు, కళకు గల సంబంధము

ఉరుముల నృత్యము, గొరవయ్యల ఆట, చెక్కభజన, కోలాటము, పౌరాణిక నాటకము, తోలుబొమ్మలాట ఈ జిల్లాలో ప్రసిద్ధి చెందిన కళలు. వీటిలో చాలావాటికి ఆదరువు గ్రామ జాతరలు, పండుగలు, రైతులిచ్చే ధాన్యము, చందాలు. పంట ఇంటికి చేరిన ఏడు ఆటలు పెట్టిస్తారు. పంట పోయిన ఏడు జాతరను క్లుప్తముగా ముగిస్తారు, లేదా వాయిదా వేస్తారు. ఆ విధముగా రైతు నష్టము కొద్ది నెలలలోనే కళాకారుని నష్టముగా మారుతుంది.

దీనికి విరుద్ధమైన ఆచారము కూడా ఒకటి ఉన్నది. వానలు కురవనపుడు విరాటపర్వము చదివించడము, ఆడించడము తెలుగు పల్లెలలో పాత అలవాటు. తోలుబొమ్మలాట బృందములను కూడా ఇందుకై పిలిపించేవారు. అనగా ఒకప్పుడు కరవు వచ్చినపుడే ఊరికి కళాకారుడు కావలసివచ్చేవాడు. ఆ ఆట అతనికి కొంత ఆసరా అయ్యేది. ఈ ఆచారము తగ్గిపోవడముతో ఆ ఆసరా కూడా తగ్గినది.

ఒక బొమ్మలాటకు ఆడించేవారు, పాడేవారు, వాద్యగాండ్రు కలిసి పనిచేయాలి. బృందములో ఇద్దరు కూలిపనికి బెంగుళూరు వలసపోయినా ఆట ఆగిపోతుంది. తరువాత వానలు పడినా వారు తిరిగి వస్తారని చెప్పలేము. పిల్లలు పాట నేర్చుకొనే వయసు ఈలోగా దాటిపోతుంది. కరవు సహాయము ఆలస్యమైతే కలిగే అసలు నష్టము ఇదే.

చరిత్ర

1876-78 నాటి మహాక్షామమును ప్రజలు ధాత కరువు అని పిలిచారు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. 1882లో బళ్ళారి జిల్లానుండి దీనిని వేరుచేశారు. ఆ క్షామములో సహాయమనగా ముఖ్యముగా రోడ్లు, చెరువుల పనులలో కూలి. అయితే మద్రాసు ప్రెసిడెన్సీలో నేతపనివారికి నూలు ఇచ్చి, వారు నేసిన బట్టను కొనే పద్ధతిని కూడా అమలు చేశారు. మగ్గము విడిచి గడ్డపార పట్టినవాని చేయి మొద్దుబారి, మళ్ళీ నేతకు పనికిరాకుండా పోతుందన్నది దీని వెనుకనున్న ఆలోచన. వృత్తిదారునికి అతని వృత్తిలోనే పని కల్పించాలనే సూత్రము ఈనాటి కళాకారులకు కూడా వర్తిస్తుంది.

ఆ తరువాత కాలములో కళాకారులు సహాయము కోరేవారిగా కంటే ఇచ్చేవారిగానే ఎక్కువగా కనిపిస్తారు. 1952లో రాయలసీమ కరవు బాధితులకై నటుడు నందమూరి తారక రామారావు ఊరూరా తిరిగి విరాళములు సేకరించాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత కూడా సినీ కళాకారులు అదే విధముగా జోలెపట్టారు. పల్లె కళాకారులకై ఇటువంటి నిధి ఏర్పడిన సందర్భములు అరుదు.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము అనంతపురం జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లిలోనే ప్రారంభమైనది. ఈ పథకము కింద ఏడాదికి 100 రోజుల పని హామీతో పాటు, కరవు ప్రకటించిన ప్రాంతములలో మరి 50 రోజుల పని కల్పించే వీలుండేది. ఇది ఆకలిని ఆపగలిగినది కాని, కళాకారుని కళాకారునిగా నిలిపే ఏర్పాటు కాదు.

ప్రభుత్వ సహాయ మార్గములు

* విపత్తు సహాయ నిధి: విపత్తు నిర్వహణ చట్టము 2005లో వచ్చినది. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి వర్తించే విపత్తులలో కరవు, వరద, తుఫాను, అగ్నిప్రమాదము మున్నగునవి ఉన్నవి. 2022-26 కాలపు నిబంధనలలో చేనేత, హస్తకళల వారికి దెబ్బతిన్న పనిముట్లకు 5,000 రూపాయలు, నష్టపోయిన ముడిసరుకు లేదా తయారైన సరుకుకు 5,000 రూపాయలు సహాయముగా నిర్ణయించారు. ఇది వస్తువు పాడైనపుడు వర్తించేది. కరవులో తోలుబొమ్మ పాడుకాదు, ఆట మాత్రమే రద్దవుతుంది; ఆ నష్టము ఈ లెక్కలోకి రాదు.
* వృద్ధ కళాకారుల ఆర్థిక సహాయము: కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 60 ఏండ్లు దాటిన పేద కళాకారులకు నెలసరి సహాయము ఇస్తుంది. ఇది అత్యవసర సహాయము కాకపోయినా, కరవు ఏట ఇంటికి వచ్చే స్థిరమైన రాబడి.
* చేతివృత్తుల గుర్తింపు కార్డు: కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే ఈ కార్డు తోలుబొమ్మలు తయారుచేసేవారికి రుజువుగా ఉపయోగపడుతుంది. కేవలము పాడేవారికి, ఆడేవారికి ఇది వర్తించదు.

నష్టమును నమోదు చేయించుట

వరద లేదా అగ్నిప్రమాదము తరువాత రెవెన్యూ సిబ్బంది నష్టపు లెక్కలు వ్రాసే సమయములో కళాకారుని పేరు జాబితాలో చేరడము ముఖ్యము. ఇల్లు, పశువులు, పంట అడుగుతారు కాని డోలు, హార్మోనియము, బొమ్మల పెట్టె గురించి అడగకపోవచ్చును. అందువలన వాటి జాబితా, ఫొటోలు, ప్రదర్శనలకు అందిన ఆహ్వానపత్రములు ముందుగానే భద్రపరచుకొనడము మంచిది. పేరు తప్పిపోయినచో తహసీల్దారుకు, ఆపైన కలెక్టరు కార్యాలయములోని ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ ఇవ్వవచ్చును. తడిసిన తోలుబొమ్మలను ఎండలోగాని మంటవద్దగాని ఆరబెట్టరాదు, తోలు ముడుచుకొనిపోతుంది. నీడలో, సమతలముగా పరచి ఆరబెట్టాలి.

నిమ్మలకుంట ఉదాహరణ

మడకశిరకు ఈశాన్యముగా ధర్మవరం మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామము. ఆటలు తగ్గినపుడు ఇక్కడివారు అదే తోలు, అదే రంగులతో దీపపు తొడుగులు, గోడకు వ్రేలాడదీసే చిత్రములు చేయడము మొదలుపెట్టారు. ఆంధ్ర ప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటించారు. దూరపు సంతలో అమ్ముడుపోయే వస్తువు ఊరి వానపై ఆధారపడదు. అయితే దీపపు తొడుగు బొమ్మను నిలుపుతుంది కాని పాటను నిలపదు.

ఇతర ప్రాంతములలో

అమెరికాలో చేతివృత్తి కళాకారులు 1985లో తమకై ఒక అత్యవసర నిధిని స్థాపించుకొన్నారు. 2005లో కత్రినా తుఫాను తరువాత న్యూ ఆర్లియన్స్‌లో సంగీతకారులు తిరిగి రావడానికి వీలుగా వారికొక గృహసముదాయము నిర్మించారు. 2018 ఆగస్టు వరదలలో కేరళలోని చేందమంగళం నేతవారి చీరలు బురదపాలైనపుడు, ఆ గుడ్డతో బొమ్మలు చేసి అమ్మి వారికి ఆదాయము సమకూర్చారు.

ఈ ఉదాహరణలు వరదకు, తుఫానుకు సంబంధించినవి. కరవుకు ఇంకొక అడుగు అవసరము. ఒక మండలమును కరవు మండలముగా ప్రకటించినపుడు, అక్కడి బృందములకు బడులలో, జాతరలలో కొన్ని ప్రదర్శనలు కేటాయించి రుసుము చెల్లించినచో, నూలు ఇచ్చి బట్ట కొన్న పాత పద్ధతి కళలకు కూడా అమలైనట్లగును.

ఇవి కూడా చూడండి

* మడకశిర
* తోలుబొమ్మలాట
* ఉరుముల నృత్యము
* నిమ్మలకుంట